పేగును కదలనివ్వు నాన్నా

చిరంజీవి శ్రీకర్‌కు,

పెద్దమ్మ ఆశీస్సులు. నాటింగ్‌హామ్‌లో పరిశోధనకు చేరుతున్నావనీ, పేగుల కదలికను ఎంఆర్ఐతో కొలవడమే నీ పని అనీ మీ అమ్మ ఫోనులో చెబితే ముందు నవ్వొచ్చింది. పాతికేళ్లు ఎంఆర్ఐ గదిలో నేను చేసింది పేగులను కదలకుండా ఆపడమే కదా! చివరి ఏడెనిమిదేళ్లలోనే మా డాక్టర్ల పుణ్యమా అని తిరగబడి, కదలికనే కొలిచాను. ఆ కొద్దికాలంలో తిన్న మొట్టికాయలే ఈ ఉత్తరం.

ఊరు మాత్రం సరైనదే దొరికింది. ఒక్క బొమ్మకు నిమిషాలు పట్టే రోజుల్లో, సెకనులో చిన్న భాగంలోనే బొమ్మ తీసే దారిని భౌతిక శాస్త్రవేత్త పీటర్ మాన్స్‌ఫీల్డ్ 1977లో అక్కడే చూపించారు. 2003లో పాల్ లాటర్‌బర్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. పేగు మనకోసం ఆగదు. ఆ వేగమే లేకపోతే నీకు ఈ పరిశోధనే లేదు.

మొదట సూది సంగతి చెబుతాను. మామూలు పేగుల స్కాన్‌లో కదలిక బొమ్మను చెదరగొడుతుంది కాబట్టి బస్కోపాన్ ఇచ్చి పేగును కాసేపు నిద్రపుచ్చుతాం. ఒకే మనిషికి రెండు రకాల స్కాన్లూ చేయాల్సివస్తే కదలిక సిరీస్ ముందు, సూది తరవాత. ఇది చెప్పాలా అనుకుంటావు. ఈ పని మొదలైన తొలి నెలలో ఒక ఉదయం నా చెయ్యి అలవాటుకొద్దీ సూది ట్రే మీదికే వెళ్లింది. రెండు నిమిషాల తరవాత తెర మీద చూస్తే, పేగులు గోడకు తగిలించిన పటంలా ఉన్నాయి. పాపం ఆవిడ రాత్రి నుంచి పస్తు, పైగా లీటరు ద్రావణం తాగి వచ్చింది. ‘ఇంకోసారి రావాలమ్మా’ అని చెప్పడం నా వంతయింది. మర్నాటి నుంచి ఆ ట్రేను గదిలో ఉంచలేదు, బయట బల్ల మీద పెట్టించాను.

ఇక తాగించే ద్రావణం. ముడుచుకుపోయిన పేగు తడిగుడ్డల మూటలా కనబడుతుంది, ఏ మడత ఎక్కడిదో తెలియదు. అందుకే 2.5 శాతం మానిటాల్ (నీటిని పేగులోనే పట్టి ఉంచే తీపి పదార్థం, విరేచనాలూ చేయిస్తుంది) ద్రావణం లీటరు దాకా, ముప్పావుగంట నుంచి గంట సేపు కొంచెం కొంచెంగా తాగిస్తాం. కొంచెం తీపిగా ఉంటుంది, మూడో గ్లాసు దగ్గర మొహం మొత్తుతుంది. అక్కడే మోసం. చాలామంది మిగిలినదంతా చివరి పది నిమిషాల్లో గటగటా తాగేసి ‘అయిపోయింది’ అంటారు. అప్పుడు పొట్ట కుండలా ఉంటుంది, కింది పేగు మాత్రం ఎండిపోయి ఉంటుంది. ఖాళీ సీసా చూసి నమ్మకు, పక్కన కూర్చుని ప్రతి గ్లాసుకూ టైము రాసుకో. పేగు ఉబ్బితే ఆ ఉబ్బుకే కదలిక మారుతుంది కాబట్టి ఇద్దరిని పోల్చేటప్పుడు ఎంత ఉబ్బిందో కూడా లెక్కలో ఉండాలి. ఉదయం ఏమి తాగారో కూడా అడుగు. అనాసపండు రసంలో మాంగనీసు ఉంటుంది, కొన్ని రకాల బొమ్మల్లో అది పొట్టను నల్లగా చేసేస్తుంది. పైత్యనాళాల స్కాన్‌కు మేమే కావాలని ఆ రసం తాగించేవాళ్లం. నీకు మాత్రం అది తలనొప్పి.

నిజంగా కష్టమైన భాగం ఇప్పుడు వస్తుంది. పేగుకు తన గడియారం తనకుంది. పొట్టలో అలలు నిమిషానికి మూడు, అంటే ఒక అల పుట్టాక తరవాతిదానికి ఇరవై సెకన్లు. చిన్నపేగు మొదట్లో నిమిషానికి పదకొండు, పన్నెండు దాకా. మనం ఊపిరి బిగబట్టించి తీసేది కూడా సుమారు ఇరవై సెకన్లే. ఆ వ్యవధిలో చిన్నపేగులో మూడు, నాలుగు అలలు దొరుకుతాయి. పొట్టలో ఒకచోట చూపు నిలిపితే ఒక్కటే దాటుతుంది. ఒక్క అలను చూసి పొట్ట లయ ఎంతో రాయకూడదు. పొట్ట కావాలంటే ఊపిరి ఆడుతుండగానే నిమిషాల తరబడి తీసి, ఊపిరి కదలికను తరవాత లెక్కలో తీసేయాలి. దాని పైన ఇంకో పెద్ద గడియారం ఉంది. ఖాళీ కడుపులో 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి, పేగు పైనుంచి కిందికి చీపురుతో ఊడ్చినట్టు ఒక ఉద్ధృతి వస్తుంది. అది దాటాక చాలాసేపు నిశ్శబ్దమే. పస్తుతో ఉన్న మనిషిని ఆ నిశ్శబ్దంలో స్కాన్ చేసి ‘పేగు మందగించింది’ అని రాసినవాళ్లు ఉన్నారు. నేనూ రాయబోయాను, మా సీనియర్ డాక్టర్ ఆపారు. అందరికీ ఒకే తిండి లేదా ఒకే ద్రావణం ఇచ్చి, తాగిన తరవాత అదే నిమిషంలో కొలువు.

మనిషి మనసు కూడా లెక్కలోదే. 1890లలో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ పిల్లులకు బిస్మత్ కలిపిన తిండి పెట్టి ఎక్స్‌రేలో చూసేవారు. పిల్లి బెదిరితే, కోపగించుకుంటే పొట్ట కదలిక ఆగిపోవడం ఆయన కంటబడింది. ఎంఆర్ఐ గొట్టంలోకి తొలిసారి వెళ్లే మనిషి ఆ పిల్లి కంటే నిబ్బరంగా ఏమీ ఉండడు. ముందురోజు ఒకసారి పడుకోబెట్టి ఆ చప్పుడు వినిపించు. ‘గాలి పీల్చండి, వదలండి, ఇప్పుడు ఆపండి’ అని నిదానంగా చెప్పు. గాలి వదిలాక ఆపితే డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింది కండర పొర, ప్రతిసారీ దాదాపు అదే చోట నిలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ గురించి నీకే నాకంటే బాగా తెలుసు, అయినా నాకు అర్థమైనట్టు చెబుతాను. పూరీ పిండి మీద చుక్కలు పెట్టి సాగదీస్తే ప్రతి చోటా చుక్కల మధ్య దూరం ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో కొలవచ్చు కదా, అలాగే ఒక బొమ్మను మిగతా బొమ్మలకు సరిపెట్టి ప్రతి బిందువు దగ్గరా ఆ సాగుదలను అది లెక్కిస్తుంది. జాకోబియన్ అనే ఆ సాగుదల విలువ కాలంతోపాటు ఎంత ఊగిందో అదే కదలిక స్కోరు. రంగురంగుల పటంగా వస్తుంది, చూడ ముచ్చటగా ఉంటుంది. దానితో నాకెప్పుడూ పేచీ. మనం చూసే ముక్క మందం సెంటీమీటరు కూడా ఉండదు. పేగు పక్కకు జారి ఆ ముక్కలోంచి తప్పుకుంటే సంకోచించిందని పటం చెబుతుంది. గాలి బుడగ దగ్గర పడే నల్లచారలు, ద్రావణంలో తిరిగే సుడులు కూడా కదలికలాగే లెక్కలోకి వస్తాయి. ముందు వీడియో నడిపి నీ కళ్లతో చూడు. పటం తరవాత తెరువు. స్కోరు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి అచ్చుగుద్దినట్టు సరిపోదు కూడా.

క్రోన్స్ వ్యాధిలో (పేగు వాచే దీర్ఘకాలిక జబ్బు) వాచిన భాగం కదలిక తగ్గుతుంది, మందు పనిచేస్తే మళ్లీ పుంజుకుంటుంది. ఈ కొలతకు ఆసుపత్రుల్లో గిరాకీ తెచ్చింది ఇదే. మన దగ్గర దాన్ని పోలిన పేగు క్షయ ఉంది. కదలిక తగ్గిందని చూసి అది ఏ వ్యాధో చెప్పలేం, అక్కడ వాపు ఉండవచ్చని మాత్రమే చెప్పగలం. ఇక్కడికి తిరిగొచ్చి పనిచేస్తే ఇది గుర్తుంటుందిలే.

కొన్ని ప్రశ్నలు మాత్రం మరవకుండా అడుగు. కెమెరా క్యాప్సూల్ మింగారా, అది బయటికి వచ్చేసిందా? లోపలే ఉంటే గదిలోకి రానివ్వకు, ఎవరు తొందరపెట్టినా సరే. పేగు కదలికను మార్చే మందులు, అంటే నల్లమందు జాతి నొప్పి మందులు, డోంపెరిడోన్ లాంటివి వాడుతున్నారా? మధుమేహం ఉంటే ఆ ఉదయం చక్కెర ఎంతో చూడు, అది బాగా ఎక్కితే పొట్ట ఖాళీ కావడం నెమ్మదిస్తుంది.

తొలి వాలంటీరువి నువ్వే కావాలని నా మాట. ఎథిక్స్ కమిటీ అనుమతి ఇస్తేనే సుమా. గొట్టంలో నిండు కడుపుతో ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం మాత్రం లండన్ బస్సు ఎక్కకు. మానిటాల్ ఎవరి మొహమాటమూ చూడదు.

చలికోటు కొనుక్కున్నావా?

పెద్దమ్మ