పరీక్ష దడకు ప్రొప్రనలాల్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 25. ఎంబీబీఎస్ అయిపోయింది. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి నీట్ పీజీకి చదువుతున్నాను. ఫార్మకాలజీ ఎన్నిసార్లు రివిజన్ చేసినా వారం తిరిగేసరికి మర్చిపోతున్నాను. రాత్రి రెండింటి దాకా చదువు, రోజుకు ఐదారు కప్పుల కాఫీ. మాక్ టెస్టు రాసేటప్పుడు గుండె దడ, చేతుల వణుకు. పరీక్షకు గంట ముందు ప్రొప్రనలాల్ 40 ఎంజీ వేసుకోమని రూమ్మేట్ చెబుతోంది. నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, చలికాలంలో ఇన్‌హేలర్ తప్పదు. ఆ మాత్ర వేసుకోవచ్చా? ఫార్మకాలజీ గుర్తుండాలంటే ఎలా చదవాలి?
- ఒక పాఠకురాలు

సలహా: వేసుకోవద్దు. ‘ఆస్తమా రోగికి ఈ కింది వాటిలో ఏది ఇవ్వకూడదు?’ అని మాక్ టెస్టులో వస్తే రెండు సెకన్లలో టిక్ పెట్టేస్తారు. అదే ప్రశ్న మీ ఒంటి దాకా వచ్చేసరికి తట్టలేదు. మీ రెండో సందేహానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. మందుల జాబితాలు మీకు వచ్చు. వాటిని జబ్బుతో, మనిషితో ముడిపెట్టి చదవలేదు. కాబట్టి ఈసారి మిమ్మల్నే కేసుగా పెట్టుకుని చదువుదాం.

ప్రొప్రనలాల్ గుండెలోని బీటా-1, శ్వాసనాళాల్లోని బీటా-2 అనే గ్రాహకాలను (అడ్రినలిన్ వచ్చి అతుక్కునే చోట్లను) రెండింటినీ అడ్డుకుంటుంది. మొదటి దాని వల్ల దడ తగ్గుతుంది, రెండో దాని వల్ల శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆయాసం మొదలవగానే మీరు అందుకునే ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ పనిచేయాల్సింది కూడా ఆ బీటా-2 మీదే. అది అప్పటికే మూతపడి ఉంటే ఎన్ని పఫ్‌లు కొట్టినా రావాల్సినంత ఉపశమనం రాదు. అలాంటప్పుడు వేరే దారిలో శ్వాసనాళాలను తెరిచే ఇప్రట్రోపియం ఎందుకు ఆదుకుంటుందో పుస్తకం మూసేసి ఆలోచించండి. మరి ఇదే కోవకు చెందిన మెటోప్రొలాల్, అటెనలాల్ బీటా-1 వైపే మొగ్గుతాయి కదా అంటారేమో. డోసు పెరిగేకొద్దీ ఆ తేడా చెరిగిపోతుంది. గుండె జబ్బు కూడా ఉన్న ఆస్తమా రోగికి అవసరం చూసి, జాగ్రత్తగా ఇస్తాం. కాఫీ దడకు ఇవ్వం.

అసలు ఆ వణుకు ఎక్కడిది? కొంత పరీక్ష భయం ఉండొచ్చు. సాల్బుటమాల్ కూడా కండరాల్లోని బీటా-2ను తట్టి చేతులు వణికిస్తుంది, గుండె వేగం పెంచుతుంది. దాని మీద మీ కాఫీ. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికి తాగిన కాఫీ, రెండింటికి మీరు పక్క ఎక్కేసరికి ఇంకా సగం మిగిలే ఉంటుంది. ఆయాసానికి వాడే థియోఫిలిన్‌ది కూడా కెఫీన్ కుటుంబమే. ఎవరో చెప్పారని ఆ మందు ఉండే డెరిఫిలిన్ కూడా వేసుకుంటుంటే దడకు వేరే కారణం వెతకక్కర్లేదు. ఆపైన విరేచనాలకని సిప్రోఫ్లాక్సాసిన్ మింగారనుకోండి, అది కాలేయంలో థియోఫిలిన్‌ను విరగ్గొట్టే సీవైపీ1ఏ2 ఎంజైమును అడ్డుకుని రక్తంలో థియోఫిలిన్‌ను పెంచేస్తుంది. హాస్టల్ మెస్‌లో తినేవాళ్లకు ఇది పరీక్ష పేపర్లో మాత్రమే ఎదురయ్యే ప్రశ్న కాదు!

చూశారా, ఒక్క ఆస్తమా పట్టుకుంటే ఎన్ని మందులు వచ్చాయో. ఇలాగే చదవండి. జబ్బులో ఏం చెడింది, మందు ఎక్కడ చెయ్యి వేస్తోంది, ఆ చోటు ఒంట్లో ఇంకెక్కడెక్కడ ఉంది? ఈ మూడు అడిగితే సైడ్ ఎఫెక్టుల్లో చాలావరకు వాటంతటవే వస్తాయి. రామిప్రిల్ వేసుకున్న బీపీ రోగికి పొడి దగ్గు ఎందుకు, టెల్మిసార్టన్‌కు మారిస్తే ఎందుకు తగ్గుతుంది? రామిప్రిల్ వల్ల ఒంట్లో పేరుకుని దగ్గు తెప్పించే బ్రాడికైనిన్ గుర్తుకొస్తే చాలు, టెల్మిసార్టన్ దాన్ని అలా పేరుకోనివ్వదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ చూడండి. కణాల విభజనకు కావాల్సిన ఫోలేట్ అనే విటమిన్‌ను వాడుకోనివ్వదు. అందుకే వేగంగా విభజన చెందే కణాలున్న నోట్లో పుండ్లు, మజ్జలో రక్తకణాల తగ్గుదల. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే ఇవ్వాల్సిన ఈ మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ఏమవుతుందో మీరే చెప్పగలరు.

అన్నిటికీ ఈ తర్కం కుదరదు. క్షయ మందులే చూడండి, రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగు, ఎథాంబ్యుటాల్‌తో ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియకపోవడం, పైరజినమైడ్‌తో యూరిక్ యాసిడ్ పెరగడం... ఇవి బట్టీ పట్టాల్సిందే. నిమోనిక్స్ (గుర్తుంచుకోవడానికి కట్టుకునే కొండగుర్తులు) వీటికి వాడుకోండి. ప్రతిదానికీ ఒకటి కట్టుకుంటే చివరికి నిమోనిక్కే గుర్తుంటుంది, మందు గుర్తుండదు. రంగురంగుల పెన్నులతో గీతలు గీసి మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాసి చూసుకోవడం మేలు. రాయలేకపోయిన చోటే మళ్లీ తెరవండి. మర్నాడొకసారి, వారానికొకసారి అదే పేజీ.

చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. పదకొండున్నరకల్లా పడుకోండి. కాఫీ రెండు కప్పులకు తెచ్చుకోండి, మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది, మెల్లగా తగ్గించండి.

ఇక, ఇన్‌హేలర్ వారంలో రెండుసార్ల కన్నా ఎక్కువ అవసరమవుతోందంటే మీ ఆస్తమా అదుపులో లేదని అర్థం. ఆస్తమాను సాల్బుటమాల్ ఒక్కదానితో నెట్టుకురావద్దని ఆస్తమాపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ జీనా మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. పీల్చే స్టెరాయిడ్ కావాలి. ఏది, ఎంత అన్నది ఛాతీ వైద్యుడిని కలిసి తేల్చుకోండి. వెళ్లినప్పుడే ఈసీజీ, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చేయించుకోండి. మీ వయసు ఆడపిల్లల్లో దడకు రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావొచ్చు. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాక్ టెస్టు సగంలో వదిలేసైనా సరే, ఆసుపత్రికి వెళ్లండి.