రాత్రి రైలులో పసిపాప నిద్ర, పక్కవారి గోల: చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మా పాపకు ఏడు నెలలు. ఇటీవల మేము రాత్రి రైలులో స్లీపర్ బోగీలో ప్రయాణిస్తుండగా, పక్క బెర్తుల్లోని నలుగురు యువకులు పదకొండు దాటిన తరువాత కూడా ఫోనులో పెద్దగా పాటలు పెట్టి కేకలు వేస్తూ కూర్చున్నారు. పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడుస్తోందని, కాస్త శబ్దం తగ్గించమని అడిగితే, "ఇది పబ్లిక్ ప్లేసు, టికెట్టు మేమూ కొన్నాం, ముందు మీ పాప ఏడుపు ఆపండి" అన్నారు. మాటా మాటా పెరిగి నా భర్త ఒకతని చేతిలోని ఫోను లాగేయడంతో అది కింద పడి అద్దం పగిలింది. వారు ఆ గొడవను వీడియో తీసి, కేసు పెడతామని బెదిరించి దిగిపోయారు. ప్రశాంతంగా ప్రయాణించే హక్కు మాకు లేదా? నా భర్త నేరం చేసినట్టేనా? ఇకపై ఇలాంటి చోట ఏం చేయాలి?

జవాబు: ఆ యువకులు చెప్పిన మొదటి మాటే తప్పు. పబ్లిక్ ప్లేసు అంటే ఎవరి ఇష్టం వారిదని కాదు. నలుగురూ వాడుకునే చోటు కాబట్టే అక్కడ చట్టం జోక్యం చేసుకుంటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలకు 2010లో సవరణ చేసినప్పుడు, ప్రజలు నిరీక్షించే గదులు, సినిమా హాళ్లు, గ్రంథాలయాలు, బహిరంగ మైదానాల వంటి చోట్లన్నింటినీ బహిరంగ స్థలం నిర్వచనంలో పేరుపేరునా చేర్చారు. అదే 2000లో, ఒక ప్రార్థనా మందిరం లౌడ్‌స్పీకర్ల విషయమై చెన్నై నుండి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, ప్రశాంత వాతావరణంలో నిద్రపోవడం ఇరుగుపొరుగు పసిపాపలకు సహజ హక్కు అని తీర్పులో ప్రత్యేకంగా రాసింది. తనంతట తాను కోర్టుకు రాలేని పసిబిడ్డను న్యాయమూర్తులే గుర్తు చేసుకున్న ఆ వాక్యం నాకు ఎప్పటికీ ఇష్టమైనది. 2005లో మరో తీర్పులో, మాట్లాడే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన ఇష్టం లేనివారికి బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదని కూడా ఆ న్యాయస్థానమే స్పష్టం చేసింది. ఈ రెండూ ప్రధానంగా లౌడ్‌స్పీకర్లు, పెద్ద శబ్దాల గురించి వచ్చిన తీర్పులు కనుక చేతిలోని ఫోనుకు అవి యథాతథంగా వర్తిస్తాయని చెప్పను; అయితే వాటి వెనుక ఉన్న సూత్రం మీ పక్షానే ఉంది.

రైలు విషయంలో మీకు ఇంతకంటే సూటి అయిన ఆధారం ఉంది. 1989 నాటి రైల్వే చట్టం 145వ సెక్షన్ ప్రకారం, బోగీలో గాని రైల్వేకు చెందిన మరే ప్రదేశంలో గాని మద్యం మత్తులో ఉన్నవారిని, న్యూసెన్స్ చేసేవారిని, బూతులు మాట్లాడేవారిని రైల్వే ఉద్యోగి ఎవరైనా అక్కడి నుండి దింపివేయవచ్చు. వారిపై కేసు కూడా పెట్టవచ్చు. దీనికి తోడు, రాత్రి పది తరువాత పెద్దగా పాటలు పెట్టకూడదని, ఫోనులో గట్టిగా మాట్లాడకూడదని, అలాంటివారిని సిబ్బందే వారించాలని రైల్వే శాఖ 2022లో ఆదేశాలిచ్చింది. కాబట్టి పది దాటిన తరువాత మీరు అడిగేది దయ కాదు, అమలులో ఉన్న నియమం.

అయితే ఆ నియమాన్ని అమలు చేయించే అధికారం సిబ్బందిది, ప్రయాణికులది కాదు. మీ ప్రయాణంలో పొరపాటు జరిగింది ఇక్కడే. ఒకసారి మర్యాదగా అడగండి. వినకపోతే రెండోసారి వారితో మాట్లాడవద్దు. రెండో మాట టీటీఈతోనే (రైలులో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగితోనే) జరగాలి. ఆయన కనిపించకపోతే 139కి ఫోన్ చేసి రైలు నంబరు, బోగీ, బెర్తు నంబరు, పీఎన్ఆర్ చెబితే ఫిర్యాదు నమోదవుతుంది. ఇలా చేస్తే తెల్లవారాక మీ దగ్గర సమయంతో సహా ఒక రికార్డు ఉంటుంది. ఫోను లాక్కుంటే ఆ రికార్డు వారి దగ్గర ఉంటుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు ఇంత నిదానంగా ఆలోచించడం కష్టమని నాకు తెలుసు. అందుకే పాపను ఎత్తుకున్నవారు బోగీలో మరో చివరికి వెళ్లడం, రెండోవారు ఫిర్యాదు పని చూడడం మేలు. ఎదుటివారు మద్యం తాగి ఉంటే మొదటిసారి కూడా మీరు అడగవద్దు.

శబ్దంతో ఆగకుండా వారు మిమ్మల్ని ఉద్దేశించి అసభ్యంగా మాట్లాడినా, సైగలు చేసినా సంగతి పూర్తిగా మారుతుంది. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో అనే మాటలకు, చేసే చేష్టలకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 79వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. అలాంటప్పుడు ఫిర్యాదులో ఆ మాటే ముందు చెప్పండి, పాటల సంగతి తరువాత. కదులుతున్న రైలులోనే ఫిర్యాదు రాసి ఇవ్వడానికి టీటీఈ వద్ద, ఎస్కార్టు పోలీసుల వద్ద ఎఫ్ఐఆర్ ఫారాలు ఉంటాయి.

చట్టానికి ఉన్న పరిమితినీ మీరు తెలుసుకోవాలి. అదే న్యాయ సంహిత 33వ సెక్షన్ ప్రకారం, సాధారణ స్వభావం గల మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్పమైన ఇబ్బంది నేరం కాదు. పగటిపూట పార్కులో కుర్రాళ్లు గట్టిగా నవ్వుకున్నా, బస్సులో ఒకరు కొంచెం హెచ్చు గొంతుతో మాట్లాడినా పాప లేచి ఏడవవచ్చు, కాని చట్టం కొలిచేది పాప నిద్ర తేలికదనాన్ని కాదు, మామూలు మనిషికి కలిగే ఇబ్బందిని. 270వ సెక్షన్‌లోని పబ్లిక్ న్యూసెన్స్ నిర్వచనం కూడా ప్రజలకు ఉమ్మడిగా కలిగే హాని, చికాకుల గురించే చెబుతుంది. అందుకే ఇలాంటి ఫిర్యాదులో "మా పాప లేచింది" అనే దానికంటే "ఈ బోగీలో ఎవరూ నిద్రపోలేకపోతున్నారు" అనే వాక్యానికి బలం ఎక్కువ. పక్క బెర్తువారు ఒక్కరు మీతో గొంతు కలిపినా మేలే. ఇక మీ పాప ఏడుపు సంగతి: ఏడేళ్లలోపు పిల్లలు చేసే ఏ పనీ నేరం కాదని 20వ సెక్షన్ చెబుతోంది. ఏడుపును సాకుగా చూపి మీ నోరు మూయించే హక్కు ఎవరికీ లేదు.

మీరు రైలులో కాక బయట ఉన్నప్పుడు, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగుతుంటే, దానికి ప్రత్యేక సడలింపు లేనంతవరకు, నేరుగా 112కి ఫోన్ చేయవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను ప్రమాణంగా నిర్ణయించారు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర ప్రకటించే నిశ్శబ్ద మండలాల్లో అవి 50, 40. మామూలు పబ్లిక్ న్యూసెన్స్‌కు న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా మాత్రమే ఉంది. అది నాన్ కాగ్నిజబుల్ నేరం కనుక మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. "ఇందులో కేసు కాదు" అని కానిస్టేబుల్ అంటే మిమ్మల్ని తేలిక చేస్తున్నాడని అనుకోవద్దు. ఆయన వచ్చి నిలబడి శబ్దం ఆపించడమే అప్పటికి మీకు కావలసింది.

మీ భర్త విషయానికి వస్తే, ఆయన చేసింది తప్పే. ఎదుటివారు నియమం ఉల్లంఘించారన్నది దానికి సమర్థన కాజాలదు. ఫోను బలవంతంగా లాగడం న్యాయ సంహిత 131వ సెక్షన్ కింద నేరపూరిత బలప్రయోగం అవుతుందని, అద్దం పగలడం 324వ సెక్షన్ కింద ఆస్తి నష్టం అవుతుందని వారు వాదించవచ్చు. పగలగొట్టాలన్న ఉద్దేశం గాని, పగులుతుందన్న ఎరుక గాని ఉన్నట్టు రుజువైతేనే రెండోది నిలుస్తుంది. దొంగతనమని, స్నాచింగ్ అని బెదిరిస్తే భయపడవద్దు. వస్తువును కాజేయాలనే దురుద్దేశం లేనిదే ఆ నేరం ఏర్పడదు. మిగిలినవి బెయిలు దొరికేవి, ఇరుపక్షాలూ రాజీ చేసుకోదగినవి. వారి నుండి కబురు వస్తే అద్దం మార్పించే ఖర్చు ఇస్తామని, వారు కూడా ఫిర్యాదు లేదని రాసివ్వాలని న్యాయవాది ద్వారా అడగండి. కబురు రాకపోతే మీరుగా వెతుక్కుంటూ వెళ్లనక్కరలేదు. అయితే ఆ రాత్రి జరిగినదంతా, ఫోను లాగిన సంగతి దాచకుండా, తేదీ వేసి ఇప్పుడే రాసిపెట్టుకోండి. టికెట్టు కూడా భద్రపరచండి.

వీడియోను వారు ఇంటర్నెట్‌లో పెట్టి మీ మీద అబద్ధపు రాతలు రాస్తే పరువునష్టానికి న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది. పాప ముఖం కనిపిస్తోందన్న ఒక్క కారణం మీదనే, దాన్ని తొలగించమని ఆ సామాజిక మాధ్యమ సంస్థ ఫిర్యాదుల అధికారికి వెంటనే రాయండి. అలాంటి అధికారిని నియమించడం 2021 ఐటీ నియమాల ప్రకారం తప్పనిసరి. మీ దగ్గర కూడా వీడియో ఉంటే పోలీసులకు, న్యాయవాదికి తప్ప ఎవరికీ పంపవద్దు.