లండన్ నుంచి హైదరాబాద్ వస్తున్న పిల్లలకు ఇక్కడి చట్టం ఎలా చెప్పాలి?

మీ అన్నయ్యగారి పిల్లలు లండన్ నుంచి వచ్చి ఇక్కడి స్కూల్లో చేరుతున్నారు, అక్కడ సమ్మతి వయసు (లైంగిక సంబంధానికి ఒప్పుకునే హక్కు చట్టం ఇచ్చే వయసు) 16, ఇక్కడ 18 ఎందుకు, స్కూల్లో ఇవన్నీ చెబుతారా అని అడిగారు. నేను మల్కాజిగిరి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో టెన్త్‌కి బయాలజీ చెబుతాను. చెప్పరమ్మా. పాఠ్యపుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు. 'వద్దు' అనే హక్కు గురించి, ఎదుటివాళ్లు వద్దంటే ఆగడం గురించి ఆ పాఠం చెప్పదు.

స్వీడన్‌లో 1955 నుంచే లైంగిక విద్య తప్పనిసరి. ఇంగ్లండ్ హైస్కూళ్లలో 2020 నుంచి. మన దగ్గర 2005లో కౌమార విద్య కార్యక్రమం మొదలైతే, రెండేళ్లకే చాలా రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి.

ఇక వయసు. జర్మనీలో 14, ఫ్రాన్స్‌లో 15, జపాన్‌లో 2023 దాకా 13, ఇప్పుడు 16. మన దేశంలో ఈ అంకె బాల్యవివాహాల మీద పోరాటంలోంచి వచ్చింది. కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే చిన్నపిల్ల భర్త చేతిలో చనిపోయాక, 1891లో పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచారు. తర్వాత 16, చివరికి పిల్లల మీద లైంగిక నేరాలను ఆపడానికి తెచ్చిన 2012 పోక్సో చట్టంతో 18. 2023లో లా కమిషన్ కూడా తగ్గించొద్దనే చెప్పింది. నా అభిప్రాయమూ అదే, కానీ పిల్లలకు చెప్పకుండా ఇంత కఠినమైన చట్టం పెట్టుకోవడం అన్యాయం.

అసలు తేడా ఇక్కడుంది. కెనడాలో సమ్మతి వయసు 16 అయినా, 14, 15 ఏళ్ల వాళ్లకు దగ్గర వయసు వాళ్లతో మినహాయింపు ఉంది. మనకు అది లేదు. ఇద్దరికీ ఇష్టమే అన్నా, అమ్మాయికి 17 అయితే ఆ ఇష్టానికి చట్టంలో విలువ లేదు. అబ్బాయి కూడా మైనరైతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. పైగా, విషయం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. టీచరైనా, డాక్టరైనా.

ఇదే నాకు అన్నిటికంటే కష్టం. "మేడమ్, మీకు చెబితే ఎవరికీ చెప్పరు కదా" అంటూ పిల్లలు వస్తారు. ముందే చెప్పేస్తాను: "కొన్ని విషయాలు నేను దాచిపెట్టలేనమ్మా, చట్టం ఒప్పుకోదు. కానీ నిన్ను ఒంటరిగా వదలను." కొందరు అక్కడే ఆగిపోతారు. ఆ మౌనం చూసినప్పుడల్లా, ఇది ఇంట్లో ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది అనిపిస్తుంది. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు "ఇవన్నీ చెప్పి పిల్లల్ని పాడు చేయకండి" అంటే, పక్కనున్న అమ్మ ఒకావిడ "నాకెవరూ చెప్పలేదండీ, అందుకే మా పాపకి చెప్పమంటున్నా" అంది. ఆవిడ వల్లే మా స్కూల్లో ఎయిత్ నుంచి ఇవి చెప్పే ఒక పీరియడ్ మొదలైంది.

మేనత్త మాట పిల్లలు తేలిగ్గా వింటారు, మీరే కూర్చోబెట్టి చెప్పండి. అక్కడ నేర్చుకున్న సమ్మతి పాఠం మర్చిపోవద్దనండి, ఇక్కడ దానితో పాటు 18 కూడా ఉందనండి. ఫోన్ సంగతి మరీ ముఖ్యం: మైనర్ల నగ్న ఫొటో ఫార్వర్డ్ చేసినా నేరమే. అబ్బాయికీ అమ్మాయికీ ఒకేలా చెప్పండి. ఇబ్బంది వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, మన ఊళ్లో ఆడవాళ్లకూ పిల్లలకూ సాయం చేసే పోలీసుల భరోసా కేంద్రం కూడా ఉంది. అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడక్కర్లేదు, ఇంట్లో తిట్టరు అని మీరు మాటివ్వండి.