పక్కింటి మోటారు, మేడ మీద స్పీకరు, మధ్యలో మన పెరడు

రిటైరయ్యాక ఇంటి వెనక మొక్కలు పెంచుకున్నారు. సాయంత్రం కాసేపు అక్కడ కూర్చుందామంటే ఒక పక్క నీళ్ల మోటారు, ఇంకో పక్క మేడ మీద కుర్రాళ్ల పాటలు. గొడవ పడకుండా ఏం చేయొచ్చని మీరు అడిగారు. మాది రాజమండ్రి. పాత డాబా ఇల్లు, వెనక చిన్న పెరడు. సన్నజాజి పందిరి, కరివేపాకు, నిమ్మ చెట్టు, ఒక పడక్కుర్చీ. మీరు చెప్పిన రెండు చప్పుళ్లూ మాకూ ఉన్నాయి, అదనంగా ఒక కుక్క కూడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "చప్పుడు చేయకండి" అంటే ఎవరూ మానరు. మానాలన్నా ఏది మానాలో వాళ్లకు తెలియదు. ఫలానా వస్తువు, ఫలానా టైము అని అడిగితే చాలామంది సర్దుకుంటారు. కాబట్టి అడగడానికి వెళ్లే ముందు, అసలు మన ప్రాణం తీస్తున్న చప్పుడు ఏదో చెవి పెట్టి వినండి.

మాకు ఎక్కువ ఇబ్బంది మోటారుతోనే. సంపులోంచి మేడ మీది ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు అది, మా ప్రహరీని ఆనుకునే ఉంటుంది. సాయంత్రం కుళాయి నీళ్లు రాగానే వేస్తారు. మోటారన్నాక మోత ఉంటుంది, కానీ దీనిది ఇనుముతో ఇనుము రాసుకున్నట్టు గరగరమనే చప్పుడు. మావారు ఒకరోజు గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే గోడ అదురుతోంది. మోటారును సిమెంటు దిమ్మకు నేరుగా బోల్టులేసి బిగించారు, పైపును గోడకు క్లాంపులు కొట్టారు. అంటే చప్పుడు గాల్లోంచే కాదు, గోడలోంచి కూడా వస్తోందన్నమాట.

మర్నాడు పొద్దున, మోటారు ఆగి ఉన్నప్పుడు వెళ్లాను. చప్పుడవుతున్నప్పుడు వెళ్తే మన నోట్లో మాట కంటే మొహంలో చిరాకు ముందు కనబడుతుంది. చేతిలో కాస్త కరివేపాకు పట్టుకెళ్లి, "వదినగారూ, మీ మోటారు బేరింగులు అరిగినట్టున్నాయండీ. అలాగే నడిపిస్తే బిగుసుకుపోయి వైండింగు కాలిపోతుంది. మాకు తెలిసిన మెకానిక్కు ఉన్నాడు, పంపమంటారా?" అన్నాను. మాకు తలనొప్పిగా ఉందన్న మాట ఎత్తలేదు. ఆవిడే, "అవునండీ, ఈ మధ్య గోల ఎక్కువైంది. ఆయనకు చెబితే వినిపించుకోరు" అన్నారు. మెకానిక్కు వచ్చి బేరింగులు మార్చాడు, మోటారు కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టాడు, మోటారుకూ పైపుకూ మధ్య మూరెడు రబ్బరు గొట్టం వేశాడు. గరగర పోయింది. మోత ఇంకా ఉంది, ట్యాంకు నిండేదాకా. దాన్ని భరించొచ్చు.

స్పీకరు సంగతి వేరు. వెనకింటి మేడ మీద పోర్షన్లో అద్దెకుంటున్న కుర్రాళ్లు మంచివాళ్లే. బ్లూటూత్ స్పీకరు తెచ్చి పిట్టగోడ మూలన పెడతారు. పాటలో గొంతు, తాళాలు లాంటి పదునైన శబ్దాలు స్పీకరు మొహం ఎటుంటే అటే ఎక్కువగా వెళ్తాయి. బేస్ అలా కాదు, అన్ని వైపులకూ పాకుతుంది, గోడలు కూడా దాన్ని అంతగా ఆపలేవు. స్పీకరును మూలన పెడితే అది ఇంకా పెరుగుతుంది. పాట ఏదో తెలియకపోయినా ధబ్ ధబ్ మాత్రం వదలకుండా వినిపించేది అందుకే. మా అబ్బాయి వెళ్లి, "అన్నా, స్పీకరు మూలలోంచి తీసి మధ్యలో కుర్చీ మీద పెట్టుకోండి, బేస్ కొంచెం తగ్గించండి. ఆదివారం మీ ఇష్టం" అని చెప్పాడు. కావాలనే వాడితో చెప్పించాం. అదే మాట మావారు చెబితే పెద్దాయన క్లాసు పీకుతున్నాడనుకుంటారు. ఆదివారం వదిలేశాం కాబట్టి మిగతా రోజులు మాట మీద ఉంటున్నారు. ఇండియా మ్యాచ్ ఉన్న రోజు లెక్కలోకి రాదు.

మన వైపు చేసుకోగలిగినవీ ఉన్నాయి. చెట్లు పెంచమని అందరూ చెబుతారు. వెదురో అశోక చెట్లో ఒక వరుస వేసినంత మాత్రాన శబ్దం చెప్పుకోదగ్గంత ఆగదు, ఆకుల సందుల్లోంచి వచ్చేస్తుంది. చాలా మీటర్ల మందాన దట్టంగా పెరిగితేనే తేడా తెలుస్తుంది, అంత స్థలం ఎవరికుంది? శబ్దాన్ని ఆపేది సందుల్లేని గట్టి గోడ, అదీ చప్పుడుకూ మన చెవికీ మధ్య అడ్డంగా ఉంటేనే. నేల మీది మోటారుకు ప్రహరీ పనికొస్తుంది, గోడకు దగ్గరగా కూర్చుంటే ఇంకా మేలు. మేడ మీది స్పీకరుకు ప్రహరీ మరో రెండడుగులు లేపినా డబ్బు దండగ. అక్కడ మీ ఇల్లే మీకు అడ్డం కావాలి. మేం పడక్కుర్చీని పందిరి కింద నుంచి తీసి ఇంటి పక్క సందులోకి మార్చాం. సన్నజాజి వాసన అంత రాదు, అదొక్కటే లోటు.

నీళ్ల చప్పుడు కూడా బాగా పనిచేస్తుంది. ఎయిర్ కూలర్లో వేసే చిన్న మోటారు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా తక్కువలోనే దొరుకుతుంది. దాన్ని సిమెంటు తొట్టిలో వేసి, సన్నటి ట్యూబుతో పైకెక్కించి, నీళ్లు రాయి మీద పడేలా పెట్టాం. పక్కింటి మాటలు, టీవీ సీరియల్ ఏడుపులు దాని కింద మునిగిపోతాయి. బేస్ మునగదు. నీళ్లు పడే ఎత్తు పెరిగేకొద్దీ చప్పుడూ పెరుగుతుంది, కాబట్టి జానెడు చాలు, లేకపోతే అదే ఇంకో తలనొప్పి. తొట్టిలో నాలుగు గప్పీ చేపలు వేయండి, లేకపోతే మోటారు ఆపిన రోజుల్లో దోమలకు అదే పుట్టిల్లు. ప్లగ్గు వానకు తడవని చోట పెట్టించుకోండి.

పోలీసులకు చెప్పొచ్చా అని చివర్లో అడిగారు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. రాత్రి 10 దాటితే మేడ మీద, వీధిలో లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. సొంత ఇంట్లో సౌండ్ సిస్టమ్ పెట్టుకున్నా, వాళ్ల హద్దు దగ్గర ఆ పరిమితి కంటే 5 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి దాదాపు రెట్టింపు గోలగా వినిపిస్తుంది, కాబట్టి ఇవి చిన్న తేడాలేం కావు. ఫోనులో కొలిచే యాప్‌లు అంచనాకు పనికొస్తాయి, రుజువుకు కాదు.

నన్నడిగితే సాయంత్రం ఆరింటి మోటారుకూ ఏడింటి పాటలకూ చట్టం తీయొద్దు. పోలీసులు వచ్చి ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు, ఆ పక్కింటివాళ్లతో మనం ఏళ్ల తరబడి ఉండాలి. ముందు మాట్లాడండి, అద్దెవాళ్లయితే రెండోసారి ఇంటి ఓనరుకు ఫోన్ చేయండి. రాత్రి పదకొండు దాటాక డీజే బాక్సులు పెట్టి అడిగినవాళ్ల మీదికే వస్తున్నారంటే మాత్రం మొహమాటం అక్కర్లేదు, 112కి చేయండి. ధనుర్మాసంలో ఉదయం అయిదింటికి మా వీధి చివర గుడి మైకు మోగుతుంది. నియమాల లెక్కలో అదీ రాత్రి కిందికే వస్తుంది. నెల రోజులే కదా అని నేను దాని జోలికి పోలేదు, పోను కూడా.

కుక్క సంగతి చెప్పడం మర్చిపోయాను. పక్కవాళ్ల ఊచల గేటులోంచి మేం కనబడినప్పుడల్లా మొరిగేది. వాళ్లనడిగి ఆ గేటుకు మా వైపు గ్రీన్ షేడ్ నెట్ కట్టాం, మమ్మల్ని చూసి మొరగడం తగ్గింది. ఇప్పుడు ఆ నెట్ మీదికి పిల్లి ఎక్కుతోంది, దాన్ని చూసి మొరుగుతోంది. దీనికేమైనా ఉపాయం తెలిసినవాళ్లుంటే నాకూ చెప్పండి.