సప్లిమెంట్లు రాస్తున్న చిన్నోడికి

చిన్నోడా,

అమెరికాలో తొమ్మిది కాలేజీలకు అప్లై చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. వినగానే ఛాతీ ఉబ్బింది, మరుక్షణమే గుండెల్లో రాయి పడింది. తొమ్మిదంటే పెద్ద వ్యాసం కాక, ఒక్కో కాలేజీ విడిగా అడిగే చిన్నవి, అవే సప్లిమెంట్లు, ఇరవై పైనే ఉంటాయిరా!

పెద్ద వ్యాసం గురించి దిగుల్లేదు. 650 మాటల్లోపు ఒక్కసారి రాస్తే, చాలా కాలేజీలకు కలిపి ఒకే అప్లికేషన్ పెట్టే కామన్ యాప్‌లో అందరికీ అదే వెళ్తుంది. ఎంఐటీకి సొంత అప్లికేషన్ ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు, ఒక్కోటి 350 మాటలు దాటకూడదు. కాలేజీ, ప్రశ్న, మాటల పరిమితి, గడువు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించు.

అందరూ బోర్లా పడేది "మా యూనివర్సిటీయే ఎందుకు?" అన్న ప్రశ్న దగ్గర. ఒకటి రాసుకుని, పేరు మార్చి అందరికీ పంపేస్తారు. ఒక్కోసారి పేరు మార్చడం కూడా మర్చిపోతారు, కొలంబియా మీద ప్రేమలేఖ బ్రౌన్‌కి చేరుతుంది. పేరు సరిగ్గా మార్చినా గండం గడవదు. కొలంబియా కాలేజీలో కోర్ అని ఉంది. ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పిల్లలైనా కలిసి కూర్చుని అవే పుస్తకాలు చదివి వాదించుకోవాలి. బ్రౌన్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. మేజర్‌కి కావలసినవి పోను, ఏం చదవాలో చాలావరకు నువ్వే తేల్చుకోవాలి. "మీ దగ్గర విశాలమైన విద్య దొరుకుతుంది" అన్న వాక్యం రెండుచోట్లా అతుకుతుంది, రెండుచోట్లా దండగే. కొలంబియాకైతే నువ్వు కోరుకోని పుస్తకం చదవాల్సి రావడం ఎందుకు ఇష్టమో చెప్పు. బ్రౌన్‌కైతే ఆ స్వేచ్ఛతో ఏ రెండు సబ్జెక్టులు ముడిపెడతావో చెప్పు. రాశాక కాలేజీ పేరు వేలితో మూసి చదువు. ఎవరికి రాశావో తెలియలేదా, చింపెయ్.

ర్యాంకు, వాతావరణం, క్యాంపస్ అందం వద్దు. వాళ్ళ బ్రోషర్ వాళ్ళకే చదివి వినిపించినట్టుంటుంది. కోర్సుల కేటలాగ్ తెరిచి ఒకటి పట్టుకో, అందులో చేరాలంటే ముందు ఏమేం చదివి ఉండాలో చూడు. ప్రొఫెసర్ పేరు రాస్తే ఇంకా అక్కడే ఉన్నారో లేదో డిపార్ట్‌మెంట్ పేజీలో సరిచూసుకో. 150 మాటలిస్తే ఓ నలభై నువ్వు ఇప్పటికే చేస్తున్న పనికి, మిగతావి అక్కడి రెండు విషయాలకి. మూడోది ఇరికిస్తే చిట్టా అయిపోతుంది.

నువ్వు చేస్తున్న పనంటే, ఏడో తరగతి నుంచి వీధిలో ఎవరి బోరు ఎన్ని అడుగులకి పడిందో, ఏ ఎండాకాలం ఎండిందో నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నావు చూడు, అదే. "సమాజ సేవ" అని దానికి పట్టుబట్టలు కట్టకు. అడుగులు అడుగులుగానే రాయి. నీ నేపథ్యం గురించి అడిగినా అదే చాలు. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఆ ప్రశ్న వేసే కాలేజీలు పెరిగాయి. అడిగారు కదా అని లేని కష్టాలు కల్పించకు.

కామన్ యాప్‌లో గడువు రాత్రి 11:59 అంటే మన గడియారం ప్రకారమే. అమెరికాలో ఇంకా మధ్యాహ్నమే కదా అని కూర్చుంటే గేటు పడిపోతుంది.

నా భయమల్లా డబ్బు తీసుకుని నున్నగా చెక్కి ఇచ్చే కన్సల్టెన్సీలంటేనే. పదిహేడేళ్ళ పిల్లాడి గొంతు పోయి నలభై ఏళ్ళ మేనేజర్ మాట్లాడతాడు. మీ టీచర్ చేత తప్పులు దిద్దించుకో, వాక్యాలు రాయించుకోకు. ఇంగ్లీషు మొరాయిస్తే నాకు ఫోన్ చేసి తెలుగులో చెప్పు. నువ్వన్నది అన్నట్టే రాసి పంపుతా, దాన్ని ముందు పెట్టుకుని మొదలుపెట్టు. అన్నం టైముకి తిను.

మీ పెద్దమ్మ