రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు పెట్రోలు సరఫరా కంపెనీలు ఏం చేసేవి?

సైన్యానికి సరుకులు సమకూర్చే క్వార్టర్‌మాస్టర్ విభాగానికి చెందిన ఈ కంపెనీల (సైనిక దళాల) పని, ట్యాంకర్లలోనో పైపులైనులోనో వచ్చిన పెట్రోలును 5 గాలన్ల జెర్రీ డబ్బాల్లోకి నింపి, ముందున్న సైనిక దళాలకు అందించి, వాళ్లు తెచ్చిన ఖాళీ డబ్బాలను తిరిగి తీసుకోవడం. చెప్పడానికి తేలికే గాని, ఈ చివరి భాగం దగ్గరే ఏర్పాటు తడబడింది. జర్మన్ల నమూనా చూసి చేసిన ఆ డబ్బాకు మూడు పిడులుండేవి. నిండు డబ్బాను ఇద్దరు చెరో పక్క పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒక్కడే ఒక్కో చేత్తో రెండేసి మోయవచ్చు. నింపేటప్పుడు పైన కాస్త గాలి మిగిలేలా దాని ఆకారం ఉండటంతో నీళ్లలో పడ్డా తేలేది.

1944 ఆగస్టులో అమెరికా జనరల్ ప్యాటన్ నడిపిన మూడో సైన్యం ఫ్రాన్సులో దూసుకుపోయింది. షెర్‌బుర్గ్ రేవు నుంచి వేస్తున్న పైపులైను ఆ వేగాన్ని అందుకోలేకపోగా, తొందరలో సైనికులు ఖాళీ డబ్బాలను దారి పొడవునా పారేసి పోవడంతో, వెనక పెట్రోలున్నా పోసి పంపడానికి డబ్బాలు చాలలేదు. నా దృష్టిలో ఇంధనం కొరత అని చరిత్ర చెప్పేదాంట్లో కొంత భాగం ఈ రేకు డబ్బాల కొరతే. వాటిని ఏరి తేవడానికి ఫ్రెంచి పిల్లలకు బహుమతులు కూడా ఇచ్చారు.

ఆగస్టు 25న, ముందున్న దళాలకు సరుకులు చేరవేసే రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అనే లారీల వరస మొదలైంది. ఆ లారీల డ్రైవర్లలో అత్యధికులు నల్లజాతి సైనికులు. అయినా ఆగస్టు 30న మూడో సైన్యం సుమారు 4 లక్షల గాలన్లు అడిగితే అందింది 32 వేలే. దాంతో మ్యూజ్ నది దగ్గర ట్యాంకులు ఆగిపోయాయి.