సూక్ష్మజీవి శ్వాసిస్తుందా, శ్వసిస్తుందా?

సందేహం: కిరణజన్య సంయోగక్రియ జరిపే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల మీద ఒక సైన్సు వ్యాసం తెలుగులో రాస్తున్నాను. ‘ఈ జీవులు థైలకాయిడ్ పొర (కిరణజన్య సంయోగక్రియ జరిగే, కణం లోపలి పొర) మీదే శ్వాసిస్తాయి’ అని రాస్తే, చదివిన మిత్రుడు ‘శ్వసిస్తాయి’ అనాలన్నాడు. ముక్కూ ఊపిరితిత్తులూ లేని జీవికి శ్వాస ఏమిటని ఇంకొకరు అడిగారు. ‘శ్వాసక్రియా ఎలక్ట్రాన్ రవాణా’, ‘అంతిమ ఆక్సిడేజ్‌లు’ అన్న మాటలైతే నాకే అతకడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిందే ఒప్పు. ధాతువు ‘శ్వస్’. దాని నుంచి నామం శ్వాస, క్రియ శ్వసించు. నామంలో వచ్చిన దీర్ఘం క్రియలోకి రాదు. నివాసం ఉంది కదా అని ‘నివాసిస్తున్నారు’ అని ఎవరూ రాయరు. పరిహాసం చూసి ‘పరిహాసించాడు’ అనరు. విశ్వాసం పుట్టింది కూడా ఈ శ్వస్ ధాతువు నుంచే. మనం విశ్వసిస్తాం గానీ ‘విశ్వాసించం’. కావ్యాల్లోని ఆశ్వాసం కూడా ఆ ఇంటి బిడ్డే, కవి కాస్త ఊపిరి తీసుకునే చోటు. మాటల్లో ఎవరైనా ‘శ్వాసించు’ అంటే నేను ఆపి సరిదిద్దను. అచ్చులో కనిపిస్తే మాత్రం కలం ఊరుకోదు.

ఇక ముక్కు సంగతి. ఇక్కడ శ్వాసనూ ఊపిరినీ విడదీయాలి. ఊపిరి బిగబట్టడం, ఊపిరాడకపోవడం, ఊపిరి సలపని పని – ఇవన్నీ ముక్కూ రొమ్మూ ఉన్నవాళ్ల మాటలు. కాబట్టి ‘బాక్టీరియా ఊపిరి పీలుస్తుంది’ అంటే నవ్వొస్తుంది. శ్వాసకు కూడా మొదటి అర్థం ఊపిరే. కానీ పక్కన ‘క్రియ’ చేరాక అది శాస్త్రం మాట అయింది: ఆహారంలోని శక్తిని కణం రాబట్టుకునే పని. ఆ అర్థంలో ఏకకణ జీవికైనా శ్వాసక్రియ నిక్షేపంగా ఉంటుంది. మీ వాక్యంలో మాత్రం ‘శ్వసిస్తాయి’ కన్నా ‘శ్వాసక్రియ జరుపుతాయి’ అన్నదే నాకు నచ్చుతుంది. మొదటిది వినగానే ఎగిసిపడే ఛాతీ కళ్ల ముందుకొస్తుంది.

‘శ్వాసక్రియా ఎలక్ట్రాన్ రవాణా’ మీకు అతకకపోవడంలో వింత లేదు. క్రియాపదం, క్రియాశీలం వంటి సంస్కృత సమాసాల్లో ఆ దీర్ఘం సహజం. దాన్ని తెచ్చి ఇంగ్లీషు మాటకు తగిలిస్తే రెంటికీ చెడుతుంది. సంధి కూడా చేస్తామంటే ‘క్రియైలక్ట్రాన్’ అనాల్సి వస్తుంది! ‘శ్వాసక్రియలో ఎలక్ట్రాన్ల రవాణా’ అని విప్పి రాయండి. రవాణా పారసీకం నుంచి వచ్చిన మాటే అయినా ఎప్పుడో మనదైపోయింది. దాన్ని మార్చే పని లేదు.

చివరిది ‘అంతిమ ఆక్సిడేజ్‌లు’. ఆక్సిడేజ్ అంటే ఇక్కడ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించే ఎంజైము. దానికి ముందు అంతిమ అనాలా, అంత్య అనాలా అన్నదే ప్రశ్న. ఇక్కడ నిఘంటువు ఒక్కటే చాలదు, విషయం కూడా చూడాలి. చీకట్లో సయనోబాక్టీరియా దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం విచ్ఛిన్నమై, అందులోని ఎలక్ట్రాన్లు థైలకాయిడ్ పొరలో ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోక్వినోన్ అనే అణువును చేరతాయి. అక్కడి నుంచి సైటోక్రోమ్ బి6ఎఫ్ అనే ప్రోటీన్ల సముదాయం మీదుగా చేతులు మారుతూ సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ దగ్గరికి వస్తాయి. అక్కడ ఒక ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లను, నాలుగు ప్రోటాన్లను తీసుకుని రెండు నీటి అణువులవుతుంది. (లావోయిజర్ ఈ వాయువు ఆమ్లాలను పుట్టిస్తుందనుకుని పెట్టిన పేరునే మనవాళ్లు ‘ఆమ్లజని’ అని తెలుగు చేశారు. చూడండి, ఇక్కడ అది పుట్టించింది నీళ్లను!) పగలు కిరణజన్య సంయోగక్రియ ఈ పొర మీదే నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ను వదులుతుంది. ప్లాస్టోక్వినోన్, బి6ఎఫ్ రెండు పనులకూ ఉమ్మడి ఆస్తి.

అయితే దారి ఒక్కటే కాదు. సైటోక్రోమ్ బిడి అనే ఇంకో ఆక్సిడేజ్ బి6ఎఫ్ దాకా పోనివ్వకుండా, ప్లాస్టోక్వినోన్ దగ్గరే ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. పరిశోధకులు ఎక్కువగా వాడే సినెకోసిస్టిస్ పీసీసీ 6803 అనే సయనోబాక్టీరియా రకంలో, పై రెండూ, ఆర్టో అనే ఇంకొకటీ కలిపి ఇలాంటి ఆక్సిడేజ్‌లు మూడు రకాలున్నాయి. అంటే ఎలక్ట్రాన్లు చేతులు మారే ఈ గొలుసుకు కొసలు ఒకటికి మించి ఉన్నాయన్నమాట. ‘అంతిమ’ అంటే ఇక ఆ తర్వాత ఏదీ లేదనే ధ్వని – అంతిమ తీర్పు, అంతిమ యాత్ర. మూడు ‘అంతిమ’లు అనేసరికి మనసు ఒప్పుకోదు. ‘అంత్య’ చోటును చెప్తుంది: పద్యంలో ప్రతి పాదానికీ అంత్యప్రాస ఉండొచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. అలాగే ప్రతి శాఖ కొసనా ఒక అంత్య ఆక్సిడేజ్. అచ్చ తెలుగు కావాలంటే ‘కొస ఆక్సిడేజ్’ అనండి. కొత్తగా ఉంటుందేమో గానీ తప్పు కాదు.

నేనైతే మీ వాక్యాన్ని ఇలా రాస్తాను: ‘సయనోబాక్టీరియా కిరణజన్య సంయోగక్రియ జరిపే థైలకాయిడ్ పొర మీదే శ్వాసక్రియనూ జరుపుతాయి, ఎలక్ట్రాన్లు చివరకు అంత్య ఆక్సిడేజ్‌ల ద్వారా ఆక్సిజన్‌ను చేరతాయి.’